ఎజ్రా మామ లేచాడు

పిల్లలతో అత్తగారింట్లో ఉండటానికి వచ్చిన మొదటి పూటే డెల్ఫీన్ భోజనాల బల్ల మీద ఒక కంచం ఎక్కువ పెట్టింది.

పెట్టక ఏం చేస్తుంది? సామాను దింపుకుంటున్నంతసేపూ అత్తగారు పక్క చేనులో ఉండే చర్చి స్నేహితురాలితో ఫోన్లో మాట్లాడుతూనే ఉంది. "ఎజ్రా మామకేం సిస్టర్ పింకీ, దుక్కలా ఉన్నాడు. రాత్రంతా కూర్చునే ఉన్నాడు, తెల్లారాక పడుకున్నాడు. మీ పెద్దాయన ఎలా ఉన్నాడు? ఊఁ... ఇవాళ గాలి బాగోలేదట, కాస్త మెలకువగా ఉండమను."

పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ ఇంట్లో ఎజ్రా అనే మనిషిని డెల్ఫీన్ ఎన్నడూ చూడలేదు. ఎవరో దూరపు చుట్టం, చివరి రోజులు గడపడానికి వచ్చి వెనక గదిలో మూలుగుతూ ఉంటాడనుకుంది. పిల్లలిద్దర్నీ గోల చెయ్యొద్దని కసిరింది. మొక్కజొన్న రొట్టె కోసి ఆయన వంతు పక్కన పెట్టింది.

"ఎవరికమ్మాయ్ ఈ కంచం?" అంది అత్తగారు.

"ఎజ్రా మామకి. లేపమంటారా అత్తమ్మా, తర్వాత తింటాడా?"

అత్తగారు పొయ్యి గట్టు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపదే. కళ్లు తుడుచుకుని, గడ్డం ఎత్తి వీధి తలుపు పైకి చూపించింది. "అదుగో నీ ముసలాయన. ఆయన తిండి నా దగ్గర ఉంది. పెట్టాల్సినప్పుడు నేనే పెడతా."

తలుపు పైన, లోపలి వైపు గోడకి దిగ్గొట్టిన రెండు కొయ్య మేకుల మీద, జంట గొట్టాల వేట తుపాకి, తూటాలు వేసే చోట మడత తెరిచి, నడుము విరిచినట్టు వేలాడుతోంది.

డెల్ఫీన్ పిల్లలిద్దర్నీ దగ్గరికి లాక్కుంది.

అత్తగారి అసలు పేరు లూవెనియా గ్రేడీ. మిసిసిపీ డెల్టాలో ఆ చుట్టుపక్కల నల్లవాళ్లకి ఆమె వెనీ పెద్దమ్మ. చర్చిలో ముందు వరసలో తెల్ల గౌను వేసుకుని కూర్చునే పెద్ద తల్లుల్లో ఒకామె. అబద్ధం ఆడదని పేరు. పొట్టి మనిషి. నడిస్తే నేల ఆమెది అన్నట్టు నడుస్తుంది. నిజంగానే ఆమెది. వరద ముంచి పోయాక ఎవరూ వద్దన్న చిత్తడి నేలని వాళ్ల నాన్న కారుచవకగా కొని, తుప్పలు కొట్టి, పాముల్ని తరిమి, పత్తి చేను చేశాడు. చుట్టుపక్కల అందరూ దొరల చేలల్లో పాలికి పనిచేస్తుంటే వీళ్లు మాత్రం సొంత నేల మీద బతికారు. సొంత నేల ఉన్న నల్లవాడు దొరలకి కంట్లో నలుసే.

ఎజ్రా ఆమె మేనమామ. రంపపు మిల్లులో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో టపాలో తెప్పించుకున్నాడా తుపాకిని. ఆయన పోయాక మేనకోడలికి వచ్చింది. ఏళ్ల తరబడి దానికి కుందేళ్లు, ఉడతలు, కోళ్ల గూట్లో దూరిన పాములు తప్ప వేరే పని లేదు. వెనక గదిలో మూల నిలబడి ఉండేది. వంశంలో పెద్దవాళ్ల పేరు పిల్లలకి పెట్టుకున్నట్టు, ఆ తుపాకికి ఆ మామ పేరే నిలిచిపోయింది.

పంతొమ్మిది వందల అరవై నాలుగు చలికాలం చివర్లో లూవెనియా గ్రేడీ ఆదివారం టోపీ పెట్టుకుని కోర్టు భవనానికి వెళ్లి, తనకీ ఓటు కావాలంది. ఇవ్వలేదు. ఆమె మళ్లీ వెళ్లింది. మళ్లీ ఇవ్వలేదు. రెండోసారి ఆమె మెట్లు దిగుతుండగానే, పట్నంలో పత్తి మిల్లులో పనిచేసే కొడుకు హోసియాని పనిలోంచి తీసేశారు. వారం తిరక్కుండా ఉంటున్న ఇంటివాడు ఖాళీ చెయ్యమన్నాడు. హోసియా నది మీద సరుకు పడవల పనికి పోయాడు. భార్యని, ఇద్దరు ఆడపిల్లల్ని తల్లి దగ్గర దింపి వెళ్లాడు.

ఆ వసంతంలోనే ఎజ్రా మామ వెనక గదిలోంచి వీధి తలుపు మీదికి మకాం మార్చాడు. సిస్టర్ పింకీ మరిది ఇల్లు అప్పటికే బూడిదయింది. ఇంట్లో తుపాకి ఎందుకని ఎక్కడో చల్లగా కూర్చుని అడిగేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ఆ జిల్లాలో ఇల్లు తగలబెట్టారని ఫిర్యాదు ఇవ్వాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలో, సగం సార్లు తగలబెట్టింది వాళ్లే. పగలు బ్యాడ్జి, చీకటి పడితే ముఖానికి గుడ్డ. చట్టం కొందరికి గొడుగు, కొందరికి పిడుగు. పిడుగు పడే వైపున ఉన్నవాళ్లు తమ కప్పు తామే చూసుకోవాలి కదా.

ఒకసారి దీపాలు ఆర్పిన కారొకటి గేటు ముందు ఆగి, మండుతున్న సీసా వాకిట్లోకి విసిరింది. వెనీ ఆకాశంలోకి ఒక్కటి పేల్చింది. కారు గుంటల్లో పడుతూ లేస్తూ పోయింది. తెల్లారి ఆమె సిస్టర్ పింకీకి ఫోన్ చేసి, "ఎజ్రా మామ మాట్లాడాడు" అంది, అంతే.

ఫోన్ సంగతి కూడా చెప్పాలి. ఆ దారిలో ఇళ్లన్నిటికీ ఒకటే తీగ. ఎవరింటి గంట మోగినా, ఇంకెవరైనా ఎత్తి వినొచ్చు. నాలుగు దారుల దగ్గర దుకాణం దొరసాని అదే పనిగా వింటుంది. ఆవిడ ఊపిరి కూడా వినపడుతుంది, కొంచెం ఉబ్బసం. అందుకని ఆ వైపు నల్లవాళ్ల ఇళ్లల్లో ప్రతి తుపాకీ ఏదో ఒక వరసలో చుట్టమయ్యింది. పింకీ ఇంట్లో 'పెద్దాయన', చర్చి కాపలాదారు ఇంట్లో 'మా వదిన'. పడుకున్నాడంటే ఖాళీగా వేలాడుతోందని. కూర్చున్నాడంటే తూటాలు పక్కన పెట్టుకున్నామని. లేచాడంటే నిండింది, చేతిలో ఉంది, దేవుడు దిక్కు అని.

ఇదంతా డెల్ఫీన్‌కి అత్తగారు నవ్వుతూ చెప్పింది. డెల్ఫీన్ నవ్వలేదు.

ఆమెకి ఓటిస్ అని తమ్ముడుండేవాడు. వాళ్ల నాన్న పిస్తోలు పరుపు కింద పెట్టుకునేవాడు, ఆపదొస్తే చేతికందాలని. ఆపద రాలేదు. ఓటిస్ చేతికి అందింది. ఆ రోజు గదిలో ఆడుకుంటున్నది ఇద్దరు. బతికింది ఒకరు.

"దాన్ని పెట్టెలో పెట్టి తాళం వెయ్యండి అత్తమ్మా. నా పిల్లలున్న ఇంట్లో అది కళ్లెదురుగా ఉండటానికి వీల్లేదు."

"తాళంచెవి వెతుక్కునేలోపు ఇల్లు అంటుకుంటుంది పిల్లా."

"అంటుకుంటే పరిగెత్తుతాం. అది పేలితే ఎటు పరిగెత్తాలి?"

వెనీ వాదించలేదు. కోడలి చెయ్యి పట్టుకుని తలుపు దగ్గరికి తీసుకెళ్లి, మునివేళ్ల మీద నిలబడి తుపాకిని దించింది. "చూడు. నడుము విరిచి ఉంది. రెండు గొట్టాల్లోంచీ ఆ పక్క కిటికీ కనపడుతోందా? కనపడుతున్నంతసేపూ ఇది ఉత్త ఇనప్పైపు. నీళ్లు పోస్తే అటునుంచి కారతాయి." తర్వాత మెడలోంచి ఒక చిన్న గుడ్డ సంచి బయటికి లాగింది, పొగాకు సంచి లాంటిది, మూతికి దారం. అందులో రెండు ఎర్రటి తూటాలు. "ఇవి నా ఒంటిమీదే ఉంటాయి. స్నానానికి వెళ్లినా ఉంటాయి. శవప్పెట్టెలో పెట్టేటప్పుడు నువ్వు తియ్యాలి. తుపాకి గోడకి, తూటా గుండెకి. రెండూ కలిస్తేనే ఎజ్రా మామ. కలపడం ఎంతసేపు అనుకుంటున్నావ్?"

చూపించింది. డెల్ఫీన్ కళ్లార్పి తెరిచేసరికి తూటాలు లోపల పడ్డాయి, నడుము నిటారయింది, 'ఠక్' అని ఒక్క చప్పుడు. ఆ చప్పుడుకి ఇంట్లో ఈగ కూడా కదల్లేదనిపించింది. మళ్లీ విరిచింది, తీసింది, సంచిలో వేసింది, దారం బిగించింది. కాయలు ఒలిచినంత తేలిగ్గా.

ప్రతి శనివారం మధ్యాహ్నం పెద్ద మనవరాలు రూబీ నెల్‌ని పక్కన కూర్చోబెట్టుకుని తుపాకి తుడిచేది. ఎంతసేపైనా చూడొచ్చు, ఏమైనా అడగొచ్చు. తాకాలంటే మాత్రం నానమ్మ 'ఊఁ' అనాలి. "దాచిపెట్టిన దాన్ని పిల్లలు వెతుక్కుంటూ పోతారమ్మాయ్. విసుగొచ్చేదాకా చూపించేస్తే అటు తిరిగి చూడరు" అనేది. రూబీ నెల్‌కి నిజంగానే విసుగొచ్చింది. రెండో శనివారానికే, "నానమ్మా, ఎజ్రా మామకి నూనె నువ్వు రాసుకో, నేను ఆడుకోడానికి పోతా" అంది.

చిన్నది జూనీకి మాత్రం మూడేళ్లు. దానికి విసుగు అనే మాట ఇంకా రాలేదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం డెల్ఫీన్ బట్టలు ఆరేసి ఇంట్లోకి వచ్చేసరికి జూనీ వీధి తలుపు కింద కుర్చీ వేసుకుని, కుర్చీ మీద పీట వేసుకుని, పీట మీద నిలబడి చేతులు చాచి ఉంది. వేళ్లు ఇంకా అందలేదు. జానెడు తక్కువ. "మామా, దిగు" అంటోంది ముద్దుగా.

డెల్ఫీన్ అరవలేదు. అరిస్తే పడిపోతుంది. వెళ్లి నడుము పట్టి దింపింది. దింపి, దాన్ని ఒళ్లో పెట్టుకుని అక్కడే నేల మీద కూర్చుంది. జూనీ మొహం ఒక్కొక్కసారి జూనీలా, ఒక్కొక్కసారి ఓటిస్‌లా కనిపించింది.

అత్తగారు పెరట్లో అలసంద కాయలు కోస్తోంది. డెల్ఫీన్ లేచి తువ్వాలు చేతులకి చుట్టుకుని, పొడుగు మనిషి కాబట్టి కుర్చీ అక్కర్లేకుండానే, తుపాకిని మేకుల మీంచి దించింది. పామును ఎత్తుకెళుతున్నట్టు ఒంటికి దూరంగా పట్టుకుని తీసుకెళ్లి, మంచం కింద పెట్టెలో బొంతల మధ్య పెట్టి, తాళం వేసి, తాళంచెవి తన మెడ గొలుసుకి తగిలించుకుంది. రాత్రికి చెబుదామనుకుంది. తిడితే తిట్టనీ. పిల్లల్ని తీసుకుని వెళ్లిపోమంటే పోవడమే, ఎక్కడికైతే అక్కడికి.

వెనీ కాయల గంప చంకన పెట్టుకుని ఇంటి పక్కగా వచ్చి వరండా కుర్చీలో కూర్చుంది, వీపు తలుపుకి. ఒళ్లో గిన్నె పెట్టుకుని కాయలు ఒలవడం మొదలుపెట్టింది. లోపలికి రానేలేదు. తలుపు పైకి చూడనేలేదు.

అప్పుడు వచ్చాయి కార్లు. రెండు. పట్టపగలు, దుమ్ము లేపుకుంటూ. ముందుది జిల్లా పోలీసు పెద్ద, షెరీఫ్ ఆఫీసుది.

"డెల్ఫీన్, పిల్లల్ని మంచం కిందికి" అంది వెనీ, తల తిప్పకుండా. రూబీ నెల్‌కి ఇంకోసారి చెప్పక్కర్లేకపోయింది. చెల్లెల్ని లాక్కుని దూరింది.

వెనీ లేచి నిలబడి ఒక అడుగు వెనక్కి వేసి, మునివేళ్ల మీద లేచి, చూడకుండానే, తలుపు లోపలికి చెయ్యి పెట్టి పైకి చాచింది. రోజూ చీకట్లో చేసే పని. ఆ చెయ్యి కొయ్య మేకుని పట్టుకుంది. ఖాళీ మేకు. పక్కకి జరిగింది. ఇంకో ఖాళీ మేకు.

నడి గదిలో చీకట్లో నిలబడి ఆ చేతిని చూసిన డెల్ఫీన్ బతికున్నన్నాళ్లూ దాన్ని మర్చిపోలేదు. గాలిలో ఆగిపోయిన ఆ ముసలి చెయ్యి. ఒక ఊపిరి కాలం అలాగే ఉంది. తర్వాత నెమ్మదిగా కిందికి వచ్చి, అసలు అందుకే లేచినట్టు, తలకి కట్టుకున్న గుడ్డ సర్దుకుంది. వెనీ మళ్లీ కుర్చీలో కూర్చుంది. గిన్నె ఒళ్లోకి తీసుకుంది. ఒక కాయ తీసి ఒలిచింది.

కార్లలోంచి నలుగురు దిగారు. ముందున్నవాడు షెరీఫ్ కింది మనిషి, హెండ్లీ. మిగతా వాళ్లకి బ్యాడ్జీలు లేవు, తుపాకులున్నాయి.

"ఏయ్ వెనీ! ఎలా ఉన్నావే?" అన్నాడు హెండ్లీ గేటు తన్ని తెరుస్తూ.

"దేవుడి దయ దొరా. ఎండగా ఉంది, నీళ్లు తాగుతారా?"

"నీళ్లకి రాలేదు. మీ ఇంట్లో కొత్తవాడెవడో దిగాడటగా. ఎజ్రా అని."

డెల్ఫీన్‌కి అప్పుడర్థమయింది. దుకాణం దొరసాని! వసంతంలో ఆ తూటా పేలినప్పటి నుంచీ వీళ్లు వెతుకుతున్నది ఒక మగవాణ్ణి. ఒక నల్ల ముసలామె పేల్చిందంటే వాళ్లకి నమ్మబుద్ధి కాదు. నల్లవాళ్లని ఓట్లకి కూడగట్టడానికి ఉత్తరాది రాష్ట్రాల నుంచి ఎవడో వచ్చి ఉండాలి, రాత్రిళ్లు కాపలా కూర్చోవాలి, పగలు పడుకోవాలి. ఫోన్లో విన్నదంతా అలాగే ఉందాయె!

"ఎజ్రా మామా? ఆయన కొత్తవాడేం కాదు దొరా. మా అమ్మ బతికున్న రోజుల నుంచీ ఇక్కడే ఉన్నాడు."

"ఏ ఊరు వాడిది?"

"పుట్టింది మసాచుసెట్స్‌లో దొరా."

"చెప్పానా!" అన్నాడు వెనకున్న వాళ్లలో ఒకడు. "ఉత్తరాది కుక్క!"

నిజమే. గొట్టం అడుగున చెక్కి ఉంటుంది, మసాచుసెట్స్ అని. శనివారాలు రూబీ నెల్ అక్షరాలు కూడబలుక్కున్నది దాని మీదే. చీకట్లో డెల్ఫీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భయంలోంచి ఇంకేదో తన్నుకొస్తోంది, అది నవ్వేమోనని ఇంకా భయమేసింది. చావు గేటు దాటి వాకిట్లో నిలబడి ఉంటే, ఆ ముసలామె ఒక్క అబద్ధమాడకుండా వాళ్లని తిప్పుతోంది.

"మీ వాళ్లకి ఓట్ల పాఠాలు చెప్పేది వీడేనా?"

"అయ్యో, ఆయన పాఠాలేం చెప్పడు దొరా. నోరు తెరవడమే తక్కువ. ఈ ఏడాది మొత్తానికీ ఒక్కసారి మాట్లాడాడు. వసంతంలో." కాయ ఒలిచింది. "మీలో ఎవరైనా విన్నారేమో."

 వెనక ఒకడు పొగాకు ఉమ్మేసి, ఉమ్మింది తన బూటు మీదే పడితే చూసుకోలేదు.

"పిలువు వాణ్ణి బయటికి" అన్నాడు హెండ్లీ. గొంతు మారింది.

"నేను పిలిస్తే వచ్చే మనిషి కాదు దొరా."

"ఎక్కడున్నాడు?"

కాయలు ఒలిచే చప్పుడు ఆగింది.

"పొద్దున ఈ తలుపు దగ్గరే ఉన్నాడు" అంది వెనీ, ఒక్కో మాటా విడివిడిగా, కొంచెం బిగ్గరగా. "ఇప్పుడు ఎక్కడున్నాడో దేవుడి మీద ఒట్టు, నాకు తెలీదు. నేను చూడకుండా చోటు మార్చాడు."

ఆ మాట ముందుకి చెప్పినట్టే ఉంది. తగిలింది మాత్రం వెనక చీకట్లో ఉన్న కోడలికి. తిట్టు కాదది. అడగడం.

వాకిట్లో వాళ్లకి అది ఇంకోలా తగిలింది. నలుగురూ ఒక్కసారి మెడలు తిప్పారు. మొక్కజొన్న కొట్టు వైపు, కోళ్ల గూటి వైపు, నడుమెత్తు పెరిగిన పత్తి చేను వైపు, దిమ్మల మీద లేపి కట్టిన ఇంటి కింద చీకటి వైపు. కనిపించే తుపాకి ఒక్క చోటే ఉంటుంది. కనిపించనిది ఎక్కడ చూస్తే అక్కడ ఉంటుంది.

డెల్ఫీన్ మోకాళ్ల మీద పాకుతూ మంచం దగ్గరికి వెళ్లింది. పిల్లల కళ్లు చీకట్లో మెరుస్తున్నాయి. మెడలో గొలుసు తెంచుకుంది. తాళం తియ్యడం ఎంతసేపు అనుకున్నావ్? అత్తగారు అన్నదే నిజం, ఒక జన్మ పట్టింది. బొంతల్లోంచి తుపాకిని లాగింది. ఈసారి చేతులకి తువ్వాలు లేదు. ఇనుము చల్లగా లేదు, ఆగస్టు ఎండకి ఒళ్లు కాలుతున్న మనిషిలా వెచ్చగా ఉంది. గొట్టాల్లోంచి వరండా వెలుగు కనపడుతోంది, రెండు గుండ్రటి వెలుగులు. ఖాళీ. తూటాలు బయట, అత్తగారి గుండె మీద. తుపాకి లోపల, తన చేతుల్లో. మధ్యలో తలుపు, తలుపు అవతలకి వెళితే కనపడిపోతుంది.

బయట హెండ్లీ మెట్టు మీద కాలు పెట్టాడు. చెక్క కిర్రుమంది.

"జరుగు వెనీ. మేమే చూసుకుంటాం లోపల."

వెనీ జరగలేదు. "దొరా, మీరు ఇన్నేళ్లుగా నన్ను ఎరుగుదురు. నేను అబద్ధం ఆడానా ఎప్పుడైనా? ఆడలేదు. అందుకే చెబుతున్నా. లోపల పసిపిల్లలున్నారు. ఆయనకి కళ్లు సరిగ్గా కనపడవు. పేరు చెప్పకుండా గడప దాటినవాళ్లు ఎవరో ఆయనకి తెలీదు."

ఇంకో మెట్టు కిర్రుమంది.

డెల్ఫీన్ జీవితంలో మొదటిసారి తుపాకి నడుము నిలబెట్టింది.

ఠక్.

ఆ చప్పుడు చిన్నదే. తాళం పడ్డట్టు, ఎండుపుల్ల విరిగినట్టు. కానీ వేటాడే ప్రతి మనిషికీ అది తల్లి గొంతంత బాగా తెలుసు. తెరిచిన తలుపులోంచి అది వరండా మీదికి వచ్చి, మెట్ల మీద హెండ్లీ మోకాలి దగ్గర ఆగింది. చేనులో మిడతలు కూడా ఊరుకున్నాయి.

"అదుగో" అంది లూవెనియా గ్రేడీ మెల్లగా, నిద్రపోతున్న పసివాడు కదిలితే అన్నట్టు. "లేచాడు."

హెండ్లీ కాలు ఎత్తిన చోటే కాసేపు ఉంది. తర్వాత కింది మెట్టు మీదికి, ఆ తర్వాత నేల మీదికి వచ్చింది. వీపు చూపించకుండా నడిచాడు, చేతులు ఒంటికి దూరంగా పెట్టుకుని. బ్యాడ్జీలు లేనివాళ్లు అప్పటికే కారులో ఉన్నారు.

"షెరీఫ్‌తో వస్తా" అన్నాడు గేటు దగ్గర.

"రండి దొరా. గేటు దగ్గర నిలబడి పేరు చెప్పి పిలవండి, మా వాళ్లందరూ అలాగే వస్తారు. ఆయనక్కూడా మర్యాదగా ఉంటుంది."

దుమ్ము అణిగేదాకా ఆమె అలాగే కూర్చుంది. చేతులు కదులుతూనే ఉన్నాయి. కాయ తీసి ఒలిచి, కాయ తీసి ఒలిచి. డెల్ఫీన్ తుపాకితో తలుపు దగ్గరికి వచ్చి చూసింది. ఆమె ఒళ్లోని గిన్నె నిండా తొక్కలే. గింజలన్నీ నేల మీద, కుర్చీ చుట్టూ, ఆమె పాదాల మీద.

అంతసేపూ ఆ గొంతులో ఒక్క వణుకు లేదు. ఆ గింజల్ని చూశాకే డెల్ఫీన్‌కి తెలిసింది, భయం లేని మనిషి కాదు ఆమె. భయాన్ని వేళ్లల్లోకి తోసేసి గొంతుని ఖాళీగా ఉంచుకుంది. అప్పుడు డెల్ఫీన్‌కి ఒళ్లు జలదరించింది. చర్చిలో పాట పైకి లేచినప్పుడు అలా ఉంటుంది.

"నడుము విరువు ముందు" అంది వెనీ. డెల్ఫీన్ విరిచింది. "ఎక్కడ పెట్టావే మా మేనమామని?"

"పెట్టెలో. తాళం వేసి." తెగిన గొలుసు చూపించింది. "జూనీ కుర్చీ ఎక్కింది అత్తమ్మా. కుర్చీ మీద పీట. జానెడే తక్కువ. నాకు... మా ఓటిస్..."

చావు తెచ్చిపెట్టిందని తిడుతుందనుకుంది. తిడితే సగం బరువు దిగేదేమో. వెనీ గిన్నె కింద పెట్టి, లోపలికి వచ్చి, తలుపు పైన ఖాళీ మేకుల్ని చూసింది.

"కుర్చీ మీద పీట!" అంది చివరికి. "దానికి అందని ఎత్తేలే అనుకున్నాను. పీట సంగతి తట్టలేదు నాకు. నువ్వు దాచడం తప్పు కాదు. చెప్పకుండా దాచడం తప్పు. నేను పెట్టడం తప్పు కాదు. నీ మాట వినకుండా పెట్టడం తప్పు. ఇద్దరం సమానమే. సుత్తి పట్రా."

మేకులు పీకి, ఇంకా పైన, దూలం కింద, కప్పుకి ఆనుకుని కొట్టారు. జూనీ కుర్చీ మీద పీట, పీట మీద బిందె పెట్టినా అందదు. వెనీ కింద నిలబడి చెయ్యి చాచి చూసింది. ఆమెకీ అందలేదు. మునివేళ్ల మీద లేచింది, అయినా అందలేదు.

"మీకు అందట్లేదు కదా అత్తమ్మా!"

"నీకు అందుతుందిగా."

డెల్ఫీన్ సుత్తి కింద పెట్టింది. చెయ్యి ఎత్తింది. వేళ్లు మేకుకి సరిగ్గా అందాయి.

"నాది తూటా, నీది తుపాకి" అంది వెనీ, మెడలో సంచి లోపలికి దోపుకుంటూ. "ఇక నువ్వు వద్దంటే ఎజ్రా మామ లేవలేడు. నేను వద్దన్నా లేవలేడు. ఇద్దరాడవాళ్లు ఒక మాట మీదికి వస్తేనే. ఆ దొరలకి ఇంతకన్నా భద్రత ఎవరిస్తారే? ఊఁ, ఇంకోసారి దించు. నువ్వు నడుము పట్టు, నేను వేస్తా. పోయిపోయి నా బొటనవేలు నలిపావా, చంపేస్తా."

ఆ సాయంత్రమంతా వెలుగున్నంతసేపూ అదే పని. ఉత్త చేతులతో ముందు, తర్వాత తూటాలతో. ఒకరు దించడం, ఒకరు వెయ్యడం. మొదట్లో ఇద్దరూ గుద్దుకున్నారు. రూబీ నెల్ బల్ల కింద కూర్చుని పడీ పడీ నవ్వింది. పొద్దు వాలేసరికి ఇద్దరి చేతులూ ఒక మనిషివయ్యాయి.

దీపం పెట్టేవేళకి ఫోన్ మోగింది. అత్తగారి చేతులకి పిండి. డెల్ఫీన్ ఎత్తింది.

"వెనీ సిస్టర్?" సిస్టర్ పింకీ గొంతు కంగారుగా ఉంది. "కార్లు అటు వెళ్లాయట... ఎజ్రా మామ ఎలా ఉన్నాడు?"

తీగలో ఇంకో చోట, మెల్లగా, ఉబ్బసపు ఊపిరి.

డెల్ఫీన్ కప్పు వైపు చూసింది. నడుము విరిచి, ఎత్తుగా, ఖాళీగా వేలాడుతోంది. రెండు గొట్టాల్లోంచి దీపం వెలుగు కనపడుతోంది. పొయ్యి దగ్గర అత్తగారి ఒంటి మీద సంచి ఊపిరితో పాటు లేచి పడుతోంది.

"నేను డెల్ఫీన్‌ని సిస్టర్ పింకీ. అందరం బాగున్నాం. ఎజ్రా మామ పడుకున్నాడు." ఒక్క క్షణం ఆగింది. "ఈయనకి నిద్ర చాలా పల్చన అమ్మా. ఎవరొచ్చినా గేటు దగ్గర పేరు చెప్పి పిలవమనండి. వింటున్నవాళ్లు కూడా."

ఉబ్బసపు ఊపిరి టక్కున ఆగింది. ఎవరో ఫోన్ పెట్టేసిన చప్పుడు.

"ఎవరే?" అంది వెనీ.

"సిస్టర్ పింకీ. ఎజ్రా మామని అడిగింది."

"అడుగుతుంది మరి" అంది వెనీ, పిండి చేతుల్తోనే కంచాలు లెక్కపెడుతూ. తర్వాత బీరువాలోంచి ఇంకొకటి తీసి, ఏమీ అనకుండా, బల్ల చివర పెట్టింది.